కారు కొనమంటారా, డాక్టరు గారూ?

హైదరాబాదులో కోఠీ, సుల్తాన్ బజారు ప్రాంతాన్ని ఎరిగినవారికి అక్కడి సందుల సంగతి చెప్పనక్కర లేదు. రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి తగ్గాలి. అలాంటి ఒక సందులో, మేడమీద వాటాలో, 30 ఏళ్ళకు పైగా కాపురముంటున్న ఒక పెద్దాయన చలికాలంలో ఒకనాడు ఉదయం 7 గంటలకు నేను పనిచేసే ఆస్పత్రికి వచ్చాడు. వయసు 62. రాత్రి ఒంటిగంటకు ఛాతీ మీద బరువు పెట్టినట్లయింది. ఎడమ చెయ్యి లాగింది. బనీను తడిసేటట్లు చెమట పట్టింది. అప్పటి నుంచి తెల్లవారేదాకా ఆయన మంచం మీదే కూర్చుని ఉన్నాడు. ఎందుకు రాలేదని అడిగితే ఆయన భార్య చెప్పిన జవాబు ఇది.

“మాకు కారు లేదు గద సారూ! అర్ధరాత్రి ఎట్ల వస్తం? మా తమ్ముడు పొద్దుగాల కారు తీస్కొని వస్తనన్నడు. అందుకే ఆగినం.”

గడ్డను కరిగించే ఇంజక్షను ఇచ్చాం. ప్రాణం దక్కింది. కాని ఆ ఆరు గంటల్లో గుండె కండరంలో కొంత భాగం చచ్చుబడిపోయింది. అది మళ్ళీ రాదు. ఇప్పుడాయన మేడ మెట్లు ఒక్క ఊపున ఎక్కలేడు. నెల తరవాత మందుల కోసం వచ్చినప్పుడు కొడుకు నన్ను పక్కకు పిలిచి, “సార్, అప్పు చేసన్న ఒక కారు కొనమంటరా?” అని అడిగాడు. వెనక వరసలో ఇంకా నలభై మంది నిలబడి ఉన్నారు. ఓ.పి.లో నిదానంగా జవాబు చెప్పే తీరిక ఎక్కడిది? ఆ ప్రశ్న మీ ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది కనుక ఇక్కడ చెబుతాను.

ముందుగా, ఊరి నడిబొడ్డున కారు లేకుండా బతకటం వైద్యుడి లెక్కలో లోటు కాదు. 1953లో లండనులో జెర్రీ మారిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి, ఆ ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. రోజంతా సీటులో కూర్చునే డ్రైవర్ల కన్నా, టికెట్ల కోసం పైకీ కిందికీ మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువగా కనిపించాయి. డ్రైవర్లు పిన్న వయసులోనే కొంచెం లావుగా ఉండేవారని, వారి యూనిఫారం కొలతలు చూసి ఆ పరిశోధకులే తరవాత బయటపెట్టారు. కాబట్టి మెట్ల మహిమే అంతా అనలేము. అయినా తరవాతి కాలంలో వచ్చిన పరిశోధనలు అసలు విషయాన్ని బలపరిచాయి. నడిచే మనిషి గుండెకు రక్షణ ఎక్కువ.

పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు కొంచెం చురుకుగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. సుల్తాన్ బజారులో ఇల్లున్నవారు కూరలకు బడీ చౌడీకి, మందులకు కోఠీ చౌరస్తాకు, ఆఫీసుకు మెట్రో స్టేషనుకు నడిచి పోయి వస్తే రోజుకు అరగంట తేలిగ్గా అవుతుంది. అయిదు రోజులకు 150 నిమిషాలు సరి! దీనికి పార్కు అక్కర లేదు, ఖరీదైన బూట్లు అక్కర లేదు. భోజనం చేశాక పది, పదిహేను నిమిషాలు నడిస్తే నెత్తురులో చక్కెర ఎగబాకటం కూడా తగ్గుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారు ఇది గుర్తుంచుకోవాలి.

నా సంగతీ దాచను. 45వ ఏట ముచ్చటపడి కారు కొన్నాను. అప్పటి దాకా ఇంటి నుంచి బస్సు స్టాపుకు, అక్కడి నుంచి ఆస్పత్రికి నడిచేవాణ్ణి. రెండేళ్ళు తిరిగేసరికి ప్యాంట్లన్నీ బిగుతయ్యాయి. మూడు నెలల సగటు చక్కెర పరీక్ష చేయించుకుంటే 6.1 వచ్చింది. అంటే వ్యాధి గుమ్మం ఎక్కినట్టే. రోగులకు నడవమని చీటీ రాసే డాక్టరు తాను నడవటం మానేశాడన్నమాట! పైగా మా వీధిలో నిలిపే చోటు లేక కారును ఎక్కడో పెట్టి వచ్చేవాణ్ణి. ఇప్పుడది ఊళ్ళకు పోయినప్పుడే బయటికి వస్తుంది. నేను మళ్ళీ బస్సెక్కుతున్నాను.

అయితే నడకలో జాగ్రత్తలు లేకపోలేదు. మెట్రో స్టేషన్లలో మోకాళ్ళ నొప్పులున్నవారు ఎక్కేటప్పుడు లిఫ్టు, దిగేటప్పుడు మెట్లు వాడటం చూస్తుంటాను. ఓపికను బట్టి దీన్ని తిరగేయండి. దిగేటప్పుడే మోకాలి చిప్ప మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. కూరల సంచీ ఒక్కటే బరువుగా మోయకుండా రెండుగా చేసి రెండు చేతులా పట్టుకోండి. చక్కెర వ్యాధి వల్ల పాదాలు మొద్దుబారినవారు అరిగిన హవాయి చెప్పులతో బజారుకు పోరాదు. మేకు గుచ్చుకున్నా తెలియదు. మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు, వెనక పట్టీ ఉన్నవి వాడి, ఇంటికి రాగానే అరికాళ్ళు అద్దంలో చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం 9 దాటాక, సాయంత్రం 5 లోపు పెద్దవారు ఎండలో తిరగవద్దు. ఉబ్బసం ఉన్నవారు బస్సుల పొగ కమ్మే పెద్ద రోడ్డు వదిలి లోపలి సందుల గుండా పోవటం మంచిది. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే సన్నని ధూళి ఆగదు.

ఆడవారితో ఒక మాట. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవారికి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. అప్పటి నుంచి ఇల్లు కదలని అత్తగార్లు కూడా చుట్టపు చూపుగా తిరుగుతున్నారు. చాలా సంతోషం. కాని దారిలో మరుగుదొడ్డి దొరకదన్న భయంతో పొద్దున్నుంచి మంచినీళ్ళు ముట్టకుండా బయలుదేరుతున్నారు. మూత్రంలో మంట, వేసవిలో కళ్ళు తిరిగి పడటం, కొందరిలో మూత్రపిండాల్లో రాళ్ళు, ఇవన్నీ ఆ అలవాటుతో వచ్చేవే. మెట్రో స్టేషన్లలో, పెద్ద బస్‌స్టేషన్లలో మరుగుదొడ్లున్నాయి. దారి చూసుకుని నీళ్ళు తాగే వెళ్ళండి.

ఇక ఆ కొడుకు అడిగిన అసలు ప్రశ్న. ఆపద వేళకు కారుండాలి కదా? ఆలోచించి చూడండి. ఆ సందులోకి కారు రాదు. అర్ధరాత్రి తండ్రిని మెట్ల మీదుగా దింపి, సందు దాటించి, ఎక్కడో నిలిపిన కారు దాకా నడిపించాలి. గుండెపోటు వచ్చిన మనిషి చేయకూడని పని నడవటమే. ఆపైన చేతులు వణుకుతున్న కొడుకు స్టీరింగు పట్టుకోవాలి. దారిలో తండ్రి స్పృహ తప్పితే చూసేదెవరు?

108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైంది. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. డబ్బు అడగరు. అందులో ఆక్సిజన్ ఉంటుంది, తర్ఫీదు పొందిన మనిషి ఉంటాడు. ఛాతీలో బరువు, నొప్పి, చెమట, దవడకో చేతికో లాగటం పది నిమిషాలైనా తగ్గకపోతే గ్యాసు అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి. చక్కెర వ్యాధి ఉన్నవారికి నొప్పి లేకుండా ఆయాసం, చెమట, నిస్సత్తువ మాత్రమే రావచ్చు. గడ్డ కరిగించే ఇంజక్షను 12 గంటల దాకా ఇవ్వవచ్చు గాని, మొదటి రెండు మూడు గంటల్లో ఇచ్చినప్పుడే దాని మేలు ఎక్కువ. తెల్లవారనీ అనటమంటే ఆ మేలును వదులుకోవటమే.

ఫోను చేశాక రోగిని కూర్చోబెట్టండి. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండు, రక్తస్రావం ఉన్నవారు కాకపోతే 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలించవచ్చు. అనుమానముంటే ఫోనులోనే అడగండి. నాలుక కింద పెట్టే మాత్ర పక్కింటివారు ఇచ్చారని వేసుకోవద్దు. రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు. మూతి వంకరపోవటం, ఒక చెయ్యి పడిపోవటం, మాట తడబడటం ఉంటే అది పక్షవాతం. అప్పుడు ఆస్పిరిన్ ఇవ్వనే ఇవ్వకూడదు. మెదడులో నెత్తురు చిట్లిందో గడ్డ కట్టిందో స్కానింగులోనే తెలుస్తుంది. గడ్డ అయితే ఇంజక్షనుకు గడువు నాలుగున్నర గంటలే. అంబులెన్సుకు చాలా ఆలస్యమవుతుందని వారే చెబితే ఆటో అయినా సరే. స్కూటరు వెనక మాత్రం కూర్చోబెట్టకండి.

సందుల్లో కాపురమున్నవారు ఈ ఆదివారమే ఒక పని చేయండి. అంబులెన్సు ఎంతవరకు రాగలదో, సందు మొదట ఏ కొట్టు ఉందో, ఏ గుడి ఉందో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫోను పెట్టే చోట అంటించండి. కంగారులో ఇంటి నంబరు కూడా గుర్తుకు రాదు. ఎవరు సందు మొదట లైటు పట్టుకుని నిలబడాలో, పక్కింట్లో ఎవరిని లేపాలో ముందే అనుకోండి. ఆ పెద్దాయన కొడుకు కారు కొనలేదు. తల్లిదండ్రుల వాటాను కిందికి మార్చాడు. గుమ్మం పక్కన ఒక గట్టి కుర్చీ ఉంచాడు, అవసరమైతే ఇద్దరు పట్టుకుని మనిషిని సందు చివరికి మోసుకుపోవటానికి. మీరూ ఒకటి ఉంచుకోండి. దానికి చేతులుండాలి, కాళ్ళు ఊగకూడదు.