బొమ్మవైపు ఎవరు?

ప్రాచీన గ్రీకుల వెండి నాణేలు ఒక్కొక్కటీ చేత్తో కొట్టినవే. వెండి బిళ్లను దిమ్మెలో బిగించిన అచ్చు మీద పెట్టి, పైన మరో అచ్చు ఆనించి, సుత్తితో మోదేవారు. కింది అచ్చు బొమ్మ, పై అచ్చు బొరుసు. అందుకే ఏ రెండు నాణేలూ అచ్చం ఒకేలా ఉండవు.

బొమ్మవైపు చోటు మొదట్లో ఎక్కువగా దేవతలది. ఏథెన్స్‌వారి నాలుగు ద్రాక్మాల నాణెం బరువు సుమారు 17 గ్రాములు. ఒకవైపు శిరస్త్రాణం ధరించిన ఎథీనా దేవి, రెండోవైపు ఆమె పక్షి గుడ్లగూబ, పక్కన ఆలివ్ రెమ్మ. మనకు అపశకునమైన గుడ్లగూబ వాళ్లకు జ్ఞానానికి గుర్తు. జనం నాణేన్నే ఆ పేరుతో పిలిచేవారు. వెండి లారియన్ గనులది, తవ్వింది బానిసలు. క్రీ.పూ. 483 ప్రాంతంలో అక్కడ పెద్ద వెండి పొర బయటపడితే, దాన్ని పంచుకోవద్దని, యుద్ధనౌకలు కట్టాలని ఏథెన్స్ నాయకుడు థెమిస్టొక్లీస్ పౌరులను ఒప్పించాడు. క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియన్లను ఓడించింది ఆ నౌకలే.

కొరింత్ నాణేల మీద రెక్కల గుర్రం పెగాసస్. అందంలో మాత్రం సిసిలీలోని సిరక్యూజ్‌దే పైచేయి. జలదేవత అరెతూసా, ఆమె చుట్టూ ఈదే డాల్ఫిన్లు. ఆ అచ్చులు చెక్కిన కిమోన్, యువైనెటోస్ తమ పేర్లు కూడా చెక్కుకున్నారు.

అలెగ్జాండర్ కూడా నాణెం మీద తన పేరే వేశాడు కానీ ముఖం వేయలేదు. బొమ్మవైపు సింహచర్మం కప్పుకున్న హెరాక్లీస్, బొరుసువైపు సింహాసనం మీద జ్యూస్. హెరాక్లీస్ అతని రాజవంశానికి మూలపురుషుడని నమ్మకం. క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ పోయాక అతని సేనానులు అతనికి అమ్మోన్ దేవుడి పొట్టేలు కొమ్ములు పెట్టి, దేవుణ్ణి చేసి ముద్రించారు. మనిషి ముఖానికి దారి అలా తెరుచుకుంది. వారిలో ఈజిప్టునేలిన టాలెమీ బతికుండగానే తన ముఖం వేయించుకున్నాడు.

ఈ రివాజు బాక్ట్రియా గ్రీకు రాజులతో మన దాకా నడిచివచ్చింది. అఫ్గానిస్థాన్‌లోని ఐ ఖానూమ్‌లో 1970లో దొరికిన, వారిలో ఒకడైన అగథోక్లీస్ వెండి నాణేల మీద మాత్రం రాజు ముఖానికి బదులు చక్రం పట్టిన వాసుదేవుడు, నాగలి పట్టిన సంకర్షణుడు ఉన్నారు. అక్షరాలు ఒకవైపు గ్రీకు, మరోవైపు బ్రాహ్మీ. రాజు ముఖమున్న గ్రీకు ద్రాక్మాల తీరును పశ్చిమ భారతాన్నేలిన క్షత్రపులు అందుకున్నారు. వారిని చూసి శాతవాహనులూ వెండి నాణేల మీద రాజు ముఖం ముద్రించారు.