ఘాజీ చలనచిత్రము: వీరధర్మము, చారిత్రక సత్యము

జలాంతర్గామి యుద్ధమును ఇతివృత్తముగా గొని తెలుగున వెలువడిన చలనచిత్రము 'ఘాజీ'. 2017 ఫిబ్రవరి 17వ తేదీన విడుదలయైన ఈ చిత్రమునకు దర్శకుడు సంకల్ప్ రెడ్డి. తెలుగు, హిందీ భాషలలో నిర్మింపబడిన ఇది ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము నందినది. దీనియందు ప్రతిపాదింపబడిన రాజకీయ, సాంస్కృతిక విలువలను, వానికి చరిత్రతో గల సంబంధమును మేమిచ్చట విచారింతుము.

ఈ విచారమునకు ప్రయోజనము లేకపోలేదు. జక్రాన్‌పల్లి మొదలు బోధను వరకు గల మా సీమకు సముద్రము దూరము. నిజాంసాగరము, శ్రీరామసాగరము అను జలాశయముల పేళ్లలోనే మా వారికి సాగరశబ్దము పరిచితము. ఇట్టి ప్రేక్షకునకు 1971 నాటి నౌకాయుద్ధమును గూర్చి తెలియునది పెక్కుసార్లు తెరపై జూచినదియే. కావున చిత్రము చెప్పినదే చరిత్రగా స్థిరపడుట కవకాశము గలదు.

చారిత్రకాంశములను ముందుగా పరికింతము. ఘాజీ 1945లో అమెరికా నౌకాదళమున 'డయాబ్లో' అను పేర చేరిన జలాంతర్గామి. పిదప అది పాకిస్తానునకు సంక్రమించి, 1965 యుద్ధమున పాల్గొన్నది. 1971 నవంబరులో కరాచీ వీడి బంగాళాఖాతమునకు వచ్చినది. విమానవాహక నౌక విక్రాంత్ దాని లక్ష్యము. వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను అండమానులకు తరలించి, రాజ్‌పుత్ అను పాతనౌకచేత విక్రాంత్ విశాఖ సమీపముననే యున్నట్లు భ్రమ గొలిపించెను. డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖ రేవు వెలుపల ఘాజీ మునిగినది. అందలి 90 మందికి మించిన నావికులలో ఒక్కడును బ్రతుకలేదు. రాజ్‌పుత్ జారవిడిచిన ప్రేలుడు సామగ్రివలననే మునిగినదని భారత నౌకాదళము చెప్పినది. లోపలి విస్ఫోటనమో, తాను పరచిన మందుపాతరయో కారణమని పాకిస్తాను పక్షము వాదము. ఈ వివాదము తీరలేదు.

చిత్రమున రాజ్‌పుత్ స్థానమును ఎస్-21 అను భారత జలాంతర్గామి యాక్రమించినది. రెండు జలాంతర్గాముల ద్వంద్వయుద్ధముగా కథ మారినది. ఈ మార్పు కేవలము ఉత్కంఠకొరకు చేసినది కాదని మా యభిప్రాయము. ఒకే యినుప గోడల నడుమ రెండు ధర్మములను ఎదురెదురుగా నిలుపుటకు ఈ కల్పన యవసరమైనది.

ఆలంకారికులు వీరరసమును దాన, ధర్మ, దయా, యుద్ధ భేదములచే చతుర్విధముగా విభజించిరి. కె.కె. మీనన్ ధరించిన రణవిజయ్ సింగ్ పాత్ర శుద్ధ యుద్ధవీరము. శత్రువు కనబడినంతనే కొట్టవలెననునది యాతని మతము. రానా దగ్గుబాటి ధరించిన అర్జున్ వర్మ ధర్మవీరుడు. యుద్ధము ప్రకటింపబడక పూర్వము ఒక టార్పెడోను వదలుట రెండు దేశములను యుద్ధమున ద్రోయుటయే యని యాతడు వాదించును. సాయుధబలము ప్రజాప్రభుత్వమున కధీనమై యుండవలెననెడి రాజకీయ సూత్రమే యీ వాదమునకు మూలము. గాండీవమును విడిచి సంశయించిన పార్థుడు తెలుగు ప్రేక్షకునకు స్ఫురింపక మానడు.

అయితే ఈ వాదమును తర్కము తేల్చలేదు. శత్రువు పరచిన మందుపాతర తగిలి ఎస్-21 దెబ్బతినును. రణవిజయ్ మరణించును, అర్జున్ యుద్ధమునకు పూనుకొనును. శత్రువే ముందు కొట్టినందున, ఆజ్ఞకై వేచియుండుట తగునా యను ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన భారము కథకునకు తప్పినది. తుదిఘట్టమున నావికులు జాతీయగీతము నాలపింతురు. ఆ గానము ప్రేక్షకుని కదిలించునది. కాని అదియే విచారమునకు తెర దించునది కూడ.

ఎస్-21 భారతదేశమునకు ప్రతిరూపముగా కల్పింపబడినది. రణవిజయ్ సింగ్, అర్జున్ వర్మ, దేవరాజ్ అను వేర్వేరు ప్రాంతములను స్ఫురింపజేయు పేళ్లవారు ఒకే శ్వాసతో మెలగుదురు. తూర్పు బంగాళమునుండి వచ్చిన శరణార్థిని అనన్యను కాపాడుట దయావీరము. కాని వైద్యురాలైన యామెకు కథను నడుపు శక్తి లేదు. ఆమె కాపాడబడుటకే వచ్చినది. పాకిస్తానీ నాయకుడు రజాక్ సమర్థుడుగా, క్రూరుడుగా చిత్రింపబడినాడు. ఆతని నావికుల మరణమునకు చిత్రమున శోకము లేదు.

1757 నాటి బొబ్బిలి యుద్ధమును గానము చేసిన మన కథకులును కల్పనలు చేసిరి. అయినను కోటలో మరణించిన స్త్రీబాలకులను వారు విస్మరింపలేదు. వీరగాథకు కరుణ తోడైనపుడే అది జాతి జ్ఞాపకమగును.

మరియొక లోపమును చెప్పవలసియున్నది. ఘాజీ మునిగిన పిదప నీటిపై దేలిన శకలములను గూర్చిన వార్తను తీరమునకు తెచ్చినవారు స్థానిక మత్స్యకారులు. ఈ యుద్ధ చరిత్రలో తెలుగువారి పాత్ర యేదియని యడిగినచో మొదట చెప్పదగినవారు వారే. తెలుగు భాషలో, తెలుగు తీరమును గూర్చి తీసిన చిత్రమున వారికి ప్రధానస్థానము లేకుండుట విచారకరము.

విశాఖ సముద్రతీరమున కురుసుర జలాంతర్గామి 2002 నుండి ప్రదర్శనశాలగా నున్నది. దానిలో ప్రవేశించిన వానికి అచ్చటి నావికుల జీవనమెంత యిరుకైనదో బోధపడును. ఘాజీ నావికులును అట్టి యిరుకులోనే మరణించిరి; వారి నౌక నేటికిని ఆ కడలి యడుగుననే యున్నది. చిత్రమును వీరకావ్యముగా నాదరింతము. చరిత్రగా గ్రహింపవలసి వచ్చినపుడు మాత్రము రాజ్‌పుత్ నావికులను, విశాఖ మత్స్యకారులను, ఆ నీట నిద్రించు పరులను దానిలో చేర్చి చదువుట మన విధి.