లోపల వేడి, వెలుపల పొగ

బాలింత గదిలో కుంపటి పెట్టినప్పుడు తలుపులన్నీ బిగించవద్దని మన పెద్దలు హెచ్చరించేవారు. ఆ హెచ్చరికలో రసాయన శాస్త్ర సత్యం ఒకటి ఉన్నది. గాలి చాలనప్పుడు బొగ్గు పూర్తిగా కాలక, కార్బన్ మోనాక్సైడు అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ప్రాణవాయువుతో కంటె ఈ వాయువుతో పొత్తు 200 రెట్లకు పైగా ఎక్కువ. అందుచేత నిద్రలో ఉన్నవారు మెలకువ రాకుండానే ప్రాణం పోగొట్టుకోవచ్చును.

జర్మనీ, నార్వే వంటి చలిదేశాలలో వ్యానులోనే పడక, పొయ్యి అమర్చుకొని యాత్రలు చేసేవారు చాలమంది ఉన్నారు. అటువంటి బండిని కాంపర్ అంటారు. శీతకాలపు రాత్రి దాని రేకు గోడలు త్వరగా చల్లబడతాయి. లోపల వేడి కావలె. కాని మూసిన బండిలో కుంపటి పెట్టరాదు. ఈ చిక్కును తీర్చేది డీజిలు హీటరు.

ఈ యంత్రం మూరెడు పొడవైనా ఉండదు. దీనిలో గాలికి రెండు దారులు ఉన్నవి. మొదటి దారిలో బయటి గాలి దహన గదిలోకి వచ్చి, డీజిలును మండించి, పొగతో కలిసి మరల బయటికే పోతుంది. రెండవ దారిలో బండిలోని గాలి, మంటను కప్పి ఉన్న అల్యూమినియం రెక్కలను తాకి, వేడెక్కి, తిరిగి లోపలికే వస్తుంది. లోహం గుండా వేడి దాటుతుంది, పొగ దాటదు. ఈ రెండు గాలులు ఎన్నడూ కలవరాదు. హీటరు బిగింపులోని ముఖ్య నియమాలన్నిటికీ మూలం ఇదే.

దీనివల్ల మరొక లాభం కూడ ఉన్నది. డీజిలులోని ఉదజని కాలినప్పుడు నీరు పుడుతుంది. ఒక లీటరు డీజిలుకు సుమారు ఒక లీటరు నీరు! మూతలేని గ్యాసు పొయ్యితో బండిని వేడిచేస్తే ఇటువంటి ఆవిరే గోడలపై చెమ్మగా దిగుతుంది. ఈ హీటరులో మాత్రం ఆవిరి పొగతోపాటు వెలుపలికి పోతుంది.

ఇక బిగింపు సంగతి. నేలకు రంధ్రం వేయకముందు, దాని అడుగున బ్రేకు గొట్టాలు, విద్యుత్ తీగలు, డీజిలు తొట్టి లేవని చూచుకోవలెను. నేలపై చెక్క పలక ఉంటే అంతమేర కోసి, హీటరును చదునైన లోహంపై, నడుమ వేడికి ఓర్చే పట్టీ వేసి బిగించవలెను. గాలి గొట్టం, పొగ గొట్టం, డీజిలు గొట్టం మూడూ నేల అడుగుకు దిగుతాయి. పొగ గొట్టపు అతుకు ఒక్కటి కూడ బండి లోపల ఉండరాదు. ఆ గొట్టం చెక్కకు గాని, రబ్బరుకు గాని తగులరాదు. పొగలోని ఆవిరి నీరై నిలువకుండ, గొట్టం పల్లానికి వాలి ఉండవలెను. దాని మూతి కిటికీలకూ, గాలి పీల్చే గొట్టానికీ దూరంగా ఉండవలెను. మంచు కురిసిన చోట, ఆ మూతి మంచులో కూరుకుపోలేదని పడుకొనేముందు చూడవలెను.

డీజిలును చుక్కలుగా కొలిచి పంపే చిన్న పంపును, డీజిలు బయటికి వచ్చే కొన పైకి ఉండేటట్లు ఏటవాలుగా బిగిస్తారు. గాలి బుడగలు దానిలో నిలువక ముందుకు సాగిపోవడానికే ఈ ఏర్పాటు. నిప్పు రగిలించే కడ్డీ, మొదటి కొద్ది నిమిషాలు 12 వోల్టుల బాటరీ నుండి సుమారు 10 ఆంపియర్ల విద్యుత్తును తీసుకొంటుంది. కనుక తీగ లావుగా ఉండవలెను; ఫ్యూజు తప్పనిసరి. మంట నిలిచిన తరువాత విద్యుత్తు ఖర్చు బాగా తగ్గుతుంది. 2 కిలోవాట్ల హీటరు నిండు వేగంతో గంటకు సుమారు పావు లీటరు డీజిలును కాలుస్తుంది. ఆపినప్పుడు పంకా మరికొన్ని నిమిషాలు తిరిగి యంత్రాన్ని చల్లారుస్తుంది. అంతవరకు బాటరీ తీగను ఊడదీయరాదు.

మన దేశంలో లదాఖ్ వంటి చోట్లకు ఇటువంటి బండిలో వెళ్ళేవారు మరొక విషయం గమనించవలెను. లేహ్ పట్టణం సముద్ర మట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి గాలి ఒత్తిడి సముద్రతీరంలోని దానిలో మూడింట రెండు వంతులే. పంపు మామూలుగానే డీజిలును పంపుతూ ఉంటే దానికి తగిన ప్రాణవాయువు అందదు; మసి పేరుకొంటుంది, విషవాయువు పెరుగుతుంది. ఎత్తుకు తగినట్లు డీజిలును తగ్గించే ఏర్పాటు ఉన్న హీటరే అక్కడ వాడదగినది.

ఎంత జాగ్రత్తగా బిగించినా, కాలక్రమాన అతుకు సడలవచ్చును, గొట్టం తుప్పు పట్టవచ్చును. మన ముక్కు కనిపెట్టలేని వాయువును కనిపెట్టి మోగే గంట యంత్రాలు ఉన్నవి. పడక దగ్గర అటువంటిది ఒకటి ఉండి తీరవలెను. అది మోగినా, కారణం లేకుండ తలనొప్పి, వికారం తోచినా, ముందు అందరూ బండి దిగి బయటి గాలిలోకి రావలెను. తప్పు ఎక్కడ ఉన్నదో వెదకడం ఆ తరువాతి పని.