ఫాక్‌లాండ్ రోడ్డు: ఇటుకల ఎత్తులో వానాకాలం

ముంబైలో ఫాక్‌లాండ్ రోడ్డు పోయే కామాఠీపురాలో ఏ చాల్‌కైనా, అంటే గదుల వరసల పాత భవనానికి, వెళ్తే కింది అంతస్తు ఖోలీలో (గదిలో) మంచం కోళ్లు చూడండి. ఒక్కో కోడు కింద రెండేసి ఇటుకలు, కొన్నిచోట్ల మూడు. మంచం కింద ట్రంకుపెట్టె, బియ్యం డబ్బా పట్టడానికట. నిజమే. కానీ గట్టి వాన పట్టిన రోజు ఆ ట్రంకుపెట్టె కూడా మంచమెక్కుతుంది. ఇటుకల అసలు పని అప్పుడు తెలుస్తుంది.

స్విట్జర్లాండ్ వెళ్లేవాళ్లు ముందు అడగాల్సింది ఎంత ఎత్తుకు పోతున్నామని. వెయ్యి మీటర్లు ఎక్కితే ఇంచుమించు ఆరు డిగ్రీలు తగ్గుతుంది, స్వెట్టర్ ఆ లెక్కన సర్దుకోవాలి. ఫాక్‌లాండ్ రోడ్డులోనూ వాతావరణం ఎత్తును బట్టే. కాకపోతే లెక్క మీటర్లలో కాదు, జానల్లో. పై అంతస్తులో వానంటే కిటికీకి నీలం టార్పాలిన్ కట్టుకోవడం. కింది అంతస్తులో వానంటే మోరీలోంచి నీళ్లు ఎగదన్నడం.

ఈ నేల పుట్టుకే అలాంటిది. బొంబాయి ఇంకా విడివిడి దీవులుగా ఉన్నప్పుడు పోటు నీళ్లు చొరబడే పల్లం ఇది. గవర్నర్ విలియం హార్న్‌బీ హయాంలో తలపెట్టిన కట్ట, హార్న్‌బీ వెల్లార్డ్, 1780ల్లో సముద్రాన్ని ఆపింది. తర్వాత ఈ బురదనేల మెల్లగా మెరకపడింది. నిజాం ఇలాకా నుంచి కట్టుబడి పనులకు వచ్చిన తెలుగువాళ్లు ఇక్కడ మకాం పెట్టారు. వాళ్లను కామాఠీలన్నారు, పేటకు ఆ పేరే నిలిచింది. రోడ్డుకు మాత్రం 1848 నుంచి 1853 దాకా గవర్నరుగా ఉన్న ఫాక్‌లాండ్ దొర పేరు పెట్టారు. ఇప్పుడు అధికారికంగా మరాఠీ తమాషా కవి పఠ్ఠే బాపూరావు మార్గం. అయినా టాక్సీ ఎక్కితే పాత పేరే చెప్పండి.

ముంబైకి రుతుపవనాలు మామూలుగా జూన్ 11కు వస్తాయి. అంటే మిరుగం (మృగశిర కార్తె) పెట్టిన మూడు నాలుగు రోజులకు. 2025లో మాత్రం మే 26నే దిగాయి, రోళ్లు పగలాల్సిన రోహిణి కార్తెలో. రికార్డుల్లో అంత తొందరగా ఎన్నడూ రాలేదు. కొలాబాలో జూలై ఒక్క నెలలోనే సగటున 700 మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది. మహబూబ్‌నగర్ వైపు ఏడాదంతా కలిపినా దాదాపు అంతే. పాలమూరు నుంచి వచ్చినవాడికి ముసురు అన్న మాటకు అర్థమే మారిపోతుంది.

వానొక్కటే అయితే సర్దుకోవచ్చు. నగరంలోని పాత కాలవలను గంటకు 25 మిల్లీమీటర్ల వానకు లెక్కగట్టి కట్టారు, అదీ సముద్రం పాటులో ఉంటేనే. నాలుగున్నర మీటర్ల పోటు, కుండపోత ఒకే వేళకు కలిస్తే నీళ్లు పోయే దారుండదు. అందుకని జూలైలో వచ్చేవాళ్లు వాన కబురు కన్నా ముందు పోటు వేళలు చూసుకోవాలి. ఫోన్‌లో ‘ముంబై’ అని కొడితే వచ్చే అంకెను కూడా నమ్మకండి. 2005 జూలై 26న శాంతాక్రుజ్‌లో 944 మిల్లీమీటర్లు కురిస్తే, అదే రోజు కొలాబాలో 74. కామాఠీపురా కొలాబాకే దగ్గర.

ఇంకో జాగ్రత్త. ఏటా వానలకు ముందు రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా ప్రమాదకర భవనాల జాబితా ప్రకటిస్తుంది. వాన పడుతోందని పాత బాల్కనీల కింద తలదాచుకోకండి, గొడుగు తెచ్చుకోండి. హైదరాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ భోర్ ఘాట్ దిగాలి, నిజామాబాద్ మీదుగా వచ్చే దేవగిరి కసారా ఘాట్ దిగాలి. రెండుచోట్లా కొండచరియలు జారే కాలమిది. తిరుగు టికెట్‌కు ఒకరోజు వెసులుబాటు ఉంచుకోండి.

ఎండాకాలం అంకెలు మరీ మోసం. కరీంనగర్‌లో 43 చూసి వచ్చినవాడికి ఇక్కడి 33 లెక్కలోకి రాదు. కానీ అక్కడ చెమట ఆరుతుంది, ఇక్కడ ఆరదు. సముద్రం గాలి ఇరుకు గల్లీల మలుపుల్లోనే ఆగిపోతుంది. వానలు వెనక్కి మళ్లాక అక్టోబరులో ఆ ఉక్కపోత మరోసారి వస్తుంది, బతుకమ్మలు పేర్చే రోజుల్లోనే. దాదర్ పూలబజారు బంతిపూలు మధ్యాహ్నానికే వాడు మొహం వేస్తాయి.

హాయిగా తిరగాలంటే డిసెంబరు, జనవరి. రాత్రి 19 డిగ్రీలుంటే చలి అంటారిక్కడ. ఆదిలాబాద్‌వాళ్లు నవ్వుకుంటారు. గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగి పొద్దున్నే నడవండి. కెమెరా సంచిలోనే ఉంచండి. గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్లు ఎవరి ప్రయాణానికీ దృశ్యాలు కారు.

నాకైతే మిరుగం నాడే రావాలని ఉంటుంది. ఆ రోజు చేప తినాలన్నది తెలంగాణ ఆనవాయితీ. ముంబైలో జూన్ 1 నుంచే మరపడవలు వేట ఆపేస్తాయి, మార్కెట్లో తాజా సముద్రపు చేప దొరకడం కష్టం, దొరికినా ధర మండుతుంది. దాంతో అటక మీది ఎండుచేపల డబ్బా కిందికి దిగుతుంది. చింతపులుసు మరిగే వాసన తడి చెక్కమెట్ల మీదికి వచ్చిందంటే చాలు, మనవాళ్ల ఖోలీ ఏ అంతస్తులో ఉందో ఎవర్నీ అడగక్కర్లేదు.