రెండు తీగచుట్టల తగవు

పడవలోని ట్యాంకునుండి పెట్రోలు గేజికి పోవు తీగ నడుమ తెగిపోయినచో ముల్లు ఎటు జరుగవలెను, ఖాళీ వైపునకా, నిండు వైపునకా? నా తరగతిలో ఓము సూత్రమును బోధించుచుండగా ఒక విద్యార్థి లేచి ఈ ప్రశ్న వేసెను. వాని తండ్రి ప్రకాశం బ్యారేజికి ఎగువను, కృష్ణలో, భవానీద్వీపము చుట్టును తిరుగు ఒక పాత మోటారు పడవకు సరంగు. "ఖాళీ వైపుకే మాస్టారూ" అని తరగతి యంతయు ఏకకంఠముగా పలికెను. తీగ తెగిన ప్రవాహముండదు, ప్రవాహము లేని ముల్లు పడియుండును గదా యని వారి తర్కము. వినుట కింపుగనే యున్న ఈ తర్కము గేజులన్నిటికిని చెల్లదు. తీగ తెగినంతనే నిండు గీతను దాటి ఆవలి అంచునకు పోయి నిలుచు గేజులు కూడ లోకమున విరివిగా నున్నవి. అట్లేల యగునో చెప్పవలెనన్న, అరచేతిలో నిముడు ఆ డబ్బీలో నిరంతరము జరుగుచుండు రెండు తీగచుట్టల తగవును గూర్చి చెప్పవలెను.

గేజి యక్కఱయే లేని కాలమునుండి మొదలిడుదును. విజయవాడలోని మా గుణదల ప్రక్కనుండి పాఱు ఏలూరు కాలువలో ఒకప్పుడు బరువుపడవలు త్రాళ్లతో లాగబడుచు ఏలూరు వఱకును, అటనుండి గోదావరి కాలువలలోనికిని పోవుచుండెడివి. కృష్ణకు ఆవలి గట్టున కొమ్మమూరు కాలువ పట్టుకొని బకింగ్‌హాము కాలువలో ప్రవేశించి చెన్నపట్టణము చేరెడివి. ఆ పడవలకు లాగువాని కండబలమే ఇంధనము గనుక గేజి యక్కఱ లేకపోయెను.

ఇంధనమెంత యున్నదో తెలిసికొనుటకు మొదట కఱ్ఱయే శరణ్యము. ఫోర్డు టీ మోడలు కారులో ఆసనము నెత్తి, దాని క్రింది ట్యాంకులో కఱ్ఱను ముంచి, తడి యెంతవఱకు నంటినదో చూడవలసి యుండెను. తరువాతి 'ఏ' మోడలులో ట్యాంకును డ్రైవరు ఎదుటనే, ముందు అద్దమునకు దిగువను అమర్చి, అందులోని తేలుడుబిళ్ల కదలికను నేరుగా చూచునట్లు చేసిరి. మోకాళ్లకు మీదుగా పెట్రోలు నుంచుకొని ప్రయాణించుట క్షేమమా యన్న శంక ఆనాటివారిని బాధించినట్లు లేదు. ఆ కాలపుదే కింగ్-సీలీ కంపెనీవారి టెలిగేజి. ట్యాంకు అడుగున గాలిని బంధించిన చిన్న గది, దానినుండి వచ్చు సన్నని గొట్టము, గొట్టము చివర డ్రైవరు కన్నులయెదుట గాజునాళములో బరువైన ఎఱ్ఱని ద్రవము: పెట్రోలు మట్టము పెరిగినకొలదియు దాని యొత్తిడి గాలి ద్వారా సాగివచ్చి ఎఱ్ఱని ద్రవమును పైకి నెట్టెడిది. విద్యుత్తుతో పనిలేని ఈ యందమైన యుపాయము, గొట్టములో సూదిమొన యంత రంధ్రము పడినంతనే నిష్ప్రయోజనమగుచుండెను.

1930వ దశకమున విద్యుత్తు ఈ రంగములో ప్రవేశించి, ప్రవేశించుటతోడనే రెండు సంప్రదాయములుగా చీలిపోయెను. ఫోర్డు కార్లకు గేజులు చేయు కింగ్-సీలీవారు వేడిని నమ్ముకొనిరి. జనరల్ మోటర్సు పక్షమున నుండిన ఏసీ కంపెనీవారు అయస్కాంతమును నమ్ముకొనిరి. వేడిమికి వేర్వేరుగా వ్యాకోచించు రెండు లోహముల పట్టీలను అతికించి, వానిపై వేడితీగ చుట్టినచో, ప్రవాహము పెరిగినకొలదియు పట్టీ వంగి ముల్లును త్రోయును. ఇది వేడి సంప్రదాయపు మూలసూత్రము. దీనికి బ్యాటరీ బలాబలములు గొప్ప చిక్కు తెచ్చిపెట్టెను. కింగ్-సీలీవారు దీనికి కనిపెట్టిన విఱుగుడు మెచ్చదగినది: ట్యాంకులో కూడ అట్టి పట్టీనే యుంచిరి, అది వేడెక్కి వంగి తన ప్రవాహమును తానే త్రెంచుకొనును, చల్లారి మరల కలుపుకొనును, బ్యాటరీ బలముగా నున్నచో త్వరగా త్రెంచుకొనును, నీరసించియున్నచో ఆలస్యముగా త్రెంచుకొనును, కావున సగటు వేడి, దానితోబాటు ముల్లు, బ్యాటరీని లక్ష్యపెట్టక నిలుచును. పైగా వేడెక్కుటకును చల్లారుటకును పట్టు కాలవిలంబము వలన, అలలకు ట్యాంకులో పెట్రోలు ఎంత చిందులాడినను ఈ ముల్లు తొణకదు. నదిలో తిరుగువానికి ఇంతకన్న కావలసినదేమి? అయినను నా పక్షపాతము రెండవ సంప్రదాయమునకే.

మోటారు పడవ బ్యాటరీ వోల్టేజి, ఇంజను ఆగియున్నపుడు 12 వోల్టులకు కొంచెము మించియు, ఇంజను తిరుగుచు బ్యాటరీని నింపుచున్నపుడు 14 వోల్టులకు చేరువగాను ఉండును. అయస్కాంతపు గేజిలో ఒకే తీగచుట్ట యున్నచో, వేగము హెచ్చించినకొలదియు ముల్లు పైకి లేచును. అనగా పెట్రోలు త్వరగా తగులబడుచున్న సమయముననే ట్యాంకు నిండుచున్నట్లు కనబడును. దీనిని తప్పించుటకు డబ్బీలో రెండు చుట్టలను ఒకదానికొకటి లంబముగా నమర్చి, నడుమ ముల్లు తగిలించిన చిన్న అయస్కాంతమును స్వేచ్ఛగా తిరుగనిచ్చిరి. సరళముగా చెప్పుకొన్నచో, మొదటి చుట్ట బ్యాటరీకి నేరుగా కలుపబడి ముల్లును ఎల్లప్పుడు ఖాళీ వైపునకు లాగుచుండును. రెండవ చుట్టలోని ప్రవాహము మాత్రము ట్యాంకులోని నిరోధమును కూడ దాటిపోవలసియుండి, ఆ నిరోధము తగ్గినకొలదియు బలపడి ముల్లును నిండు వైపునకు లాగును. రెండు క్షేత్రముల ఫలితము ఏ దిక్కునకున్నదో అయస్కాంతము ఆ దిక్కునకే తిరుగును, ఆ దిక్కును నిర్ణయించునది రెండు ప్రవాహముల నిష్పత్తి. వోల్టేజి పెరిగినచో రెండు ప్రవాహములును సమానపాళ్లలో పెరుగును గనుక నిష్పత్తి మాఱదు, ముల్లు కదలదు. తీగత్రాసు ధ్రువములయొద్ద ఒక బరువును భూమధ్యరేఖయొద్ద మఱియొక బరువును చూపుచుండగా, సిబ్బెల త్రాసు ఎక్కడనైనను ఒకే తూకము చూపుటకు కారణమేదో ఇచటను అదియే: ఆకర్షణ ఎంత మాఱినను రెండు సిబ్బెలకును సమముగనే మాఱును.

ఈ బుద్ధి మోటారు యంత్రకారులది కాదు. టోక్యోలోని ఇంజనీరింగు కళాశాలలో బోధించి స్వదేశమునకు మరలివచ్చిన విలియం ఐర్టన్, జాన్ పెర్రీ యను ఆచార్యులు 1880వ దశకపు తొలినాళ్లలో, నిరోధమును నేరుగా చదువుటకై లంబముగా నమర్చిన రెండు చుట్టలతో ఓమ్‌మీటరును నిర్మించిరి. సిడ్నీ ఎవర్షెడ్ దానినే సంస్కరించి చేతిపిడితో త్రిప్పు డైనమోను జోడింపగా, లోకమంతటను విద్యుత్ కార్మికులు మెగ్గరు అని పిలుచు పరికరము పుట్టెను. మా గుణదలలో విద్యుత్ సంస్థల కార్యాలయమైన విద్యుత్సౌధ యున్నది గనుక, ఈ ప్రాంతమున మెగ్గరు నెఱుగని ఎలక్ట్రీషియను ఉండడు. పిడిని త్రిప్పు చేయి అలసి మందగించినను కొలత చెడకుండుటను చూచి ఆశ్చర్యపడినవారు, ఆ రహస్యమే పడవలోని పెట్రోలు గేజిలోను దాగియున్నదని యెఱుగుదురో లేదో!

ఇక ట్యాంకులోని సగభాగము. మన మెకానిక్కులు దీనిని ట్యాంకు యూనిట్టు అందురు. తేలుడుబిళ్ల, దానికొక చేయి, చేయి చివర ఒక రేకు, ఆ రేకు రాచుకొనుచు పోవు నిరోధపు తీగచుట్ట. బిళ్ల పూర్వము లక్క పూసిన బెండుగను, తరువాత ఇత్తడి బుడగగను ఉండెడిది. అతుకు వీడి బుడగలోనికి పెట్రోలు దిగినచో అది మునిగిపోయి గేజి శాశ్వతముగా ఖాళీ చూపును. అమెరికా పడవలలో వాడుక పడిన కొలత ప్రకారము ఈ నిరోధము ట్యాంకు ఖాళీగా నున్నపుడు 240 ఓములు, సగమున 103, నిండినపుడు 33. ఇందులో తీగ తెగిన నిరోధము అనంతమగును, రెండవ చుట్టకు ప్రవాహము దక్కదు, ముల్లు ఖాళీ గీతకును దిగువకు పోవును. నా తరగతివారు గెలిచిరి. కాని జనరల్ మోటర్సువారి కొలతలో ఖాళీకి సున్న, నిండునకు 90 ఓములు. అందు ట్యాంకు నిరోధము నిండు వైపు చుట్టకు సమాంతరముగా నుండి, ఖాళీయైనపుడు ప్రవాహమునంతటిని అడ్డదారిన మళ్లించుకొనును. అక్కడ తీగ తెగినచో అడ్డదారి మూసికొనిపోయి ప్రవాహమంతయు నిండు చుట్టకే దక్కును, ముల్లు నిండు గీతను దాటును. 10 నుండి 180 ఓముల వఱకు పోవు ఐరోపా కొలతకును ఇదే గతి. తడిలో తీగలు తెగుటయు తుప్పుపట్టుటయు తఱచు గనుక, తెగినపుడు ఖాళీ చూపు మొదటి పద్ధతియే పడవకు ఉచితమైనదని నా అభిప్రాయము. ఖాళీ ట్యాంకుతో నిండు చూపు గేజిని నమ్మి నడినదిలో చిక్కువడుట కన్న, నిండు ట్యాంకుతో అనవసరముగ బంకునకు పోవుట మేలు.

సరిగ్గా అట్టి బంకుయాత్రలే ఆ సరంగుకు తలనొప్పియైనవి. "ముల్లు సగానికి దిగిందని డబ్బాలు తెప్పిస్తానండీ మాస్టారు గారూ, తీరా పోస్తే పది లీటర్లకే పొర్లిపోద్ది" అని అతడు చెప్పుకొనెను. అతని పడవ బందరు ప్రాంతమున ఉప్పునీటిలో కొంతకాలము తిరిగి వచ్చినది. గేజి 240 నుండి 33 కొలతది. ముందుగా గేజి నిర్దోషియగునో కాదో తేల్చవలెను. ట్యాంకునుండి వచ్చు తీగను గేజి వెనుక విప్పగా ముల్లు ఖాళీకి దిగువకు పోయెను. ఆ మొననే ఎర్తునకు తాకింపగా నిండునకు ఎగసెను. రెండును సక్రమమే గనుక తప్పు ఆవలనే కలదు. ఈ పరీక్షను ట్యాంకు మూతయొద్ద గాక గేజి వెనుకనే చేయవలెను: పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది, పడవ అడుగున పేరుకొని యుండును, అచట ఒక్క నిప్పురవ్వ చాలును. మఱి ట్యాంకు లోపలనే రేకు తీగపై రాచుకొనుచుండ ప్రమాదము లేదా యని పిల్లలు తప్పక అడుగుదురు. ప్రవాహము స్వల్పమగుట యొక కారణము. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుండి 7.6 శాతము లోపల నున్నపుడే అంటుకొనును, మూసియున్న ట్యాంకులో సాధారణముగా అంతకన్న మిక్కిలి చిక్కగా నుండును, ఇది రెండవది.

నిండు ట్యాంకు సగము చూపుటకు ఎంత నిరోధము అదనముగా చేరవలెను? 103 నుండి 33 తీసివేయగా 70 ఓములు. ఈ 70 ఓములు ఎచట దాగినవి? కారులో ఇనుపదేహమే ఎర్తు తీగ పని చేయును; ఫైబరు పడవ దేహము విద్యుద్వాహకము కాదు గనుక, ట్యాంకు యూనిట్టు మూతనుండి బ్యాటరీ ఋణధ్రువము వఱకు ఒక నల్లతీగ విడిగా పోవలెను. లారీలకు అలవాటుపడిన చేతులు ఆ తీగను పట్టించుకొనవు. ఇచటనో కళాయి పూయని మామూలు రాగితీగ వేసియుండిరి, అది పైతొడుగు క్రింద నల్లబడి పొడిపొడి యగుచుండెను. బ్యాటరీ విప్పి, యూనిట్టు మూతనుండి ఋణధ్రువమునకు వేఱొక తీగ తాత్కాలికముగా బిగించి, మరల బ్యాటరీ కలుపగా ముల్లు నిండు గీతపై నిలిచెను. వోల్టేజి హెచ్చుతగ్గులు రెండు చుట్టలకును ఉమ్మడివి గనుక నిష్పత్తిని చెఱుపలేవు. ఈ తుప్పు ఒక్క చుట్ట దారిలోనే కూర్చుండినది గనుక ఆ రక్షణ దానిపై పనిచేయలేదు. ఆటోనగరులో వెదకి కళాయి తీగ తెచ్చి వేసితిమి.

కథ ఇంతటితో ముగిసినచో బాగుండెడిది. కొలది దినములకే సరంగు మరల వచ్చి, ఇప్పుడు ముల్లు సగము వఱకు నెమ్మదిగా దిగి, అచటినుండి గబగబ పడిపోవుచున్నదని చెప్పెను. పడవ అడుగు కోణాకృతి గనుక అందిమిడిన ట్యాంకు కూడ దిగువకు పోనుపోను సన్నగిలును. త్రిభుజాకారపు ట్యాంకులో ఎత్తు సగమైనపుడు ఘనపరిమాణము సగము కాదు, నాల్గవ వంతు మాత్రమే. తేలుడుబిళ్లకు ఎత్తు తప్ప ఆకారము తెలియదు. పూర్వపు తుప్పు ముల్లును ఎల్లప్పుడు క్రిందికి ఈడ్చుచుండి ఈ లోపమును కప్పివేయుచుండెను. తుప్పు పోగా లోపము బయటపడెను. దీనికితోడు వేగము పుంజుకొన్నపుడు అణియము (పడవ ముందుభాగము) పైకి లేచి పెట్రోలు అమరము (వెనుకభాగము) వైపునకు పాఱును గనుక, యూనిట్టు ట్యాంకు నడుమ లేనిచో ఆ దోషమును వేఱుగా లెక్కింపవలెను. ట్యాంకును ఖాళీచేసి, పడవను నిశ్చలముగా నిలిపి, ఐదేసి లీటర్లు పోయుచు, ముల్లు నిలిచిన చోటునెల్ల గేజి అద్దముపై తెల్లరంగుతో గుర్తు పెట్టించితిని.

తరువాతి చరిత్ర క్లుప్తమైనది. రాచుకొను రేకులు అరిగిపోవుచుండుటచే, గొట్టములో రీడు స్విచ్చుల వరుసను పేర్చి, అయస్కాంతము గల బిళ్ల పైకి క్రిందికి జాఱుచు వానిని ఒక్కొక్కటిగా మూయునట్లు చేసిరి. ముల్లు మెట్లుమెట్లుగా కదలును గాని తుప్పునకు భయము తగ్గినది. నేటి ఎలక్ట్రానిక్ గేజులు ట్యాంకు ఆకారమును పట్టికగా జ్ఞాపకముంచుకొని లీటర్లనే చూపును. కదలు భాగములే లేని కెపాసిటరు యూనిట్టులును వచ్చినవి. అవి రెండు గొట్టముల నడుమ ద్రవము ఎంతవఱకు నిండినదో దాని డైయెలెక్ట్రిక్ స్థిరాంకమును బట్టి గ్రహించును. ఆ స్థిరాంకము పెట్రోలునకు సుమారు 2, ఇథనాలునకు 25 ప్రాంతము, నీటికి 80. మన బంకులలో ఇప్పుడు 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు దొరకుచున్నది, ఇథనాలు తేమను పీల్చుకొనును. కాబట్టి కల్తీలేని పెట్రోలునకు సరిదిద్దిన కెపాసిటరు గేజి ఈ మిశ్రమములో ఉన్నదానికన్న ఎక్కువ చూపును; అట్టిదానిని కొనదలచిన సరంగులు బంకు పెట్రోలుతోనే దానిని మరల సరిదిద్దుకొనవలెను, ట్యాంకు అడుగున చేరిన నీటిని ముందుగా తోడివేసిన పిమ్మటనే సుమా!