ఎఱ్ఱగుర్తు పడిన నెట్‌వర్కు డ్రైవు

పాత కంప్యూటర్లతోనే నేటికిని పని నడపుకొనుచున్న కార్యాలయములు మన పట్టణములందు అనేకము కలవు. అట్టి చోట్ల జమాఖర్చుల ఫైళ్లన్నింటిని ఒక కంప్యూటరునందుంచి, తక్కిన బల్లలపైనున్నవారు దానిని జెడ్ అనియో, ఎఫ్ అనియో ఒక అక్షరము పేర తమ సొంత డిస్కును చూచుకొనినట్లే చూచుకొను ఏర్పాటు చేసికొందురు. ఉదయమంతయు చక్కగా పనిచేసిన ఆ డ్రైవుపై మధ్యాహ్నభోజనానంతరము ఎఱ్ఱని ఇంటూ గుర్తొకటి కనబడును. గుమాస్తా కంప్యూటరును ఆపి మరల వేయును, గుర్తు పోవును, మఱునాడు మరల వచ్చును. ఆపి వేయుటచే గుర్తు పోవుట నిజమేగాని, దానితోపాటు హేతువును తెలుపగల సాక్ష్యమును పోవుచున్నది. డ్రైవు తెగినది ఏ వేళ, ఏ పని జరుగుచుండగా, ఎందఱికి అను విషయమును ముందుగా కాగితముపై వ్రాసికొనినవాడు సగము చికిత్స చేసినవాడేయని నా దృఢవిశ్వాసము.

అక్షరము పేర కనబడు ఆ డ్రైవు వాస్తవమునకు డిస్కు కాదు. రెండు కంప్యూటర్ల నడుమ నెలకొన్న కనెక్షను మాత్రమే. దీని నియమములను మొదట 1983లో ఐ.బి.యం. సంస్థయందు బారీ ఫైగెన్‌బామ్ రూపొందించెను. సర్వర్ మెసేజ్ బ్లాక్ అనియు, సంగ్రహముగా ఎస్.ఎం.బి. అనియు పేరొందిన ఆ విధానమును మైక్రోసాఫ్టు గ్రహించి విండోసునందు విస్తరించినది. ప్రతి కనెక్షనును నిలిపియుంచుటకు ఫైళ్లున్న కంప్యూటరు తన మెమరీలో కొంత వెచ్చింపవలసియుండును గనుక, 15 నిమిషములు ఎవ్వరును ఏమియు అడుగని కనెక్షనును విండోసు తానే త్రెంచివేయును. బాటసారి విడిచిపోయిన గదిని సత్రపు అధికారి వేఱొకనికిచ్చుట వంటిదే యిది. విండోస్ ఎక్స్.పి. ప్రొఫెషనల్ ఏకకాలమున 10 కనెక్షన్లను, హోమ్ 5 కనెక్షన్లను, విండోస్ 7 సైతము 20 కనెక్షన్లను మాత్రమే అనుమతించును గావున ఈ పొదుపు నిష్ప్రయోజనమని అనరాదు.

ఇట్లు తెగిన డ్రైవును మౌసుతో తెఱచిన క్షణముననే అది మరల కలియును. దీనిని వ్యాధియనుట తగదు. చిక్కంతయు పాత ప్రోగ్రాములతోనే. తెగిన డ్రైవును తిరిగి కలుపుకొను నేర్పు లేక, వానిలో కొన్ని ఫైలును భద్రపఱుపజాలక నిలిచిపోవును. అట్టిచోట 'నెట్ కాన్ఫిగ్ సర్వర్' అను ఆదేశముతో ఆటోడిస్‌కనెక్ట్ విలువను -1గా నిర్ణయించినచో ఆ కాలపరిమితి తొలగిపోవును. అయితే ఈ ఆదేశమును ఫైళ్లున్న కంప్యూటరునందు అడ్మినిస్ట్రేటరు హోదాలో ఇయ్యవలెనేగాని, ఎఱ్ఱగుర్తు పడిన కంప్యూటరునందు ఇచ్చిన ఫలము లేదు.

ఉదయము లాగిన్ అయినంతనే తెగియున్నట్లు కనబడు డ్రైవు కథ వేఱు. ఎక్స్.పి. నాటినుండి విండోసు త్వరగా తెర చూపవలెనను తొందరలో నెట్‌వర్కు సిద్ధమగువఱకు ఆగదు. గ్రూప్ పాలసీలో 'నెట్‌వర్కు కొఱకు వేచియుండుము' అను నిబంధనను అమలుపఱచినచో ఈ లోపము చాలవఱకు సమసిపోవును. కంప్యూటరు నిద్రనుండి లేచిన పిమ్మటనే తెగుచున్నచో, డివైస్ మేనేజరులో నెట్‌వర్కు కార్డు గుణములను తెఱచి, విద్యుత్తు పొదుపునకై కార్డును ఆపుటకు ఇచ్చిన అనుమతిని తీసివేయవలెను.

ఇంతకంటె గహనమైనది, పని భారము హెచ్చినపుడు మాత్రమే తెగు కనెక్షను. ఎదుటి కంప్యూటరు పలుకుచున్నదో లేదో తెలుపు పింగ్ ఆదేశమిచ్చి చూతుమా, సమాధానములన్నియు సక్రమముగా వచ్చును. చిన్న ఫైలు తెఱచుకొనును. పెద్ద ఫైలు నకలు చేయబూనినంతనే వేగము క్షీణించి, కొంతసేపటికి డ్రైవే అదృశ్యమగును. పాత కార్డులందు వేగమును చేతితో నిర్ణయించు అలవాటే దీనికి తఱచుగా మూలము. ఎవ్వరో ఎన్నడో కార్డును 100 మెగాబిట్ల ఫుల్ డ్యూప్లెక్సునకు బిగించియుందురు. కేబుళ్లు కలియు నెట్‌వర్కు స్విచ్చి మాత్రము స్వయంనిర్ణయమునకే విడువబడియుండును. ఎదుటి పక్షము తన స్థితిని ప్రకటింపనందున, స్విచ్చి వేగమును గుర్తింపగలిగియు డ్యూప్లెక్సును తెలిసికొనజాలక హాఫ్ డ్యూప్లెక్సున నిలుచును. అప్పుడు ఒక పక్షము పంపుటను, స్వీకరించుటను ఏకకాలమున సాగించుచుండ, రెండవది దానిని ఢీకొట్టుటగా భావించి పంపుచున్నదానిని మధ్యలోనే విడిచివేయును. స్వల్పమైన రాకపోకలలో ఈ విరోధము బయటపడదు. కనుకనే పింగ్ సాక్ష్యమును నమ్మి వైరింగు బాగున్నదని తీర్పు చెప్పుట ప్రమాదకరము. రెండు వైపులను స్వయంనిర్ణయమునకే విడుచుట శ్రేయస్కరము. ఆ మీదట, చిలుక విఱిగి వదులైన ఆర్.జె.45 కనెక్టర్లను, 100 మీటర్ల హద్దు దాటిన కేబుళ్లను పరిశీలింపవలెను.

సాయంకాలమున గోడమీది స్విచ్చితో విద్యుత్తును పూర్తిగా నిలుపు అలవాటున్న ఆఫీసులలో మఱియొక విచిత్రము సంభవించును. మదర్‌బోర్డునందలి నాణెమువంటి సి.ఆర్.2032 బ్యాటరీ అరిగిపోయినచో, ఉదయము గడియారము ఏ గతించిన సంవత్సరమునో చూపును. డొమైన్ పద్ధతి నడుచు చోట గుర్తింపును పరీక్షించు కెర్బెరోస్ విధానము సామాన్యముగా 5 నిమిషములకు మించిన కాలభేదమును సహింపదు. దానివలన సరియైన పాస్‌వర్డు ఇచ్చినవారికిని ప్రవేశము నిరాకరింపబడవచ్చును. కేబుళ్లు మార్చి, విండోసును తిరిగి ఎక్కించి అలసిపోవుటకు ముందు తెరమూలనున్న తేదీని ఒకసారి చూచుట ఎంత మేలు!

చివరకు వయసు తెచ్చిన దోషమొకటి కలదు. 2006 చివర విండోస్ విస్టాతో వెలువడిన రెండవ ఎస్.ఎం.బి., నెట్‌వర్కు క్షణకాలము తెగినను తెఱచియున్న ఫైలును తిరిగి అందుకొను శక్తిని సంపాదించినది. కాని ఎక్స్.పి., సర్వర్ 2003 లకు మొదటి ఎస్.ఎం.బి. తప్ప వేఱొకటి రాదు. కొత్త కంప్యూటరు పాతదానితో కలియకున్నప్పుడు ఆ మొదటి విధానమును తిరిగి తెఱచుమని సలహా చెప్పువారు కలరు. నేను దానిని అంగీకరింపజాలను. 2017 మే నెలలో వాన్నాక్రై అను దుష్టప్రోగ్రాము లోకమంతటను వ్యాపించినది ఆ విధానమునందలి లోపము ద్వారముగనే. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లలో కొన్ని సైతము దాని వాత పడినవి. పాత యంత్రము లేనిదే సాగని పని ఏదేని యున్నచో, దానిని ఇంటర్నెట్టుతో పొత్తులేని ప్రత్యేకపు స్విచ్చికి తగిలించి, ఫైళ్ల నకలును ప్రతి సాయంకాలము వేఱొక డిస్కునకు తీసి, ఆ డిస్కును ఊడదీసి బీరువాలో భద్రపఱుపవలెను. తక్కిన బల్లలపైనున్న ఎక్స్.పి. కంప్యూటర్లను మార్చుటకు వచ్చు ఆర్థిక సంవత్సరపు పద్దువఱకు ఆగుట సైతము అనుచితమే.