రాయవేలూరు చేరిన బండి

కర్నూలు జిల్లాలో మా ఊరి బడియందు నా ప్రక్కన కూర్చుండిన బాలుడొకడు ఏడాదికి నాలుగు మాసములు బడికి రాకుండెడివాడు. వేరుసెనగ కుప్పలపై మేమందఱము దొర్లుచుండగా వాడు కళ్లపు గట్టున కూర్చుండి చూచెడివాడు. ఏలయన మోకాలు కొట్టుకొనిన మాకు నొప్పి గడియసేపు, వానికి పక్షము దినములు. నాపరాళ్ల అరుగుపై ఉదయము కాలు జారెనా, ప్రొద్దు క్రుంకువేళకు మోకాలు వెలగపండంత యుబ్బి, నిగనిగలాడుచు, తాకిన చేతికి వెచ్చగా తగిలెడిది. పైకి గాయము లేదు, నెత్తుటి చుక్క లేదు. కట్టు కట్టువాడు వచ్చి పసరు పూసి, వెదురుబద్దలు పెట్టి బిగించి పోయెడివాడు. అట్లు ఏటేట బిగిసి బిగిసి, పండ్రెండవ యేటికి ఆ కాలు చాచుటకు రాకుండ వంగియే నిలిచిపోయెను. "మావోనికి నెత్తురు నిలవదు నాయనా, మా తమ్ముండ్లకూ ఇంతే" అని వాని తల్లి మా అమ్మతో చెప్పుట నేను విన్నాను.

ఆమెకు చదువు రాదు. కాని ఆ ఒక్క మాటలో వంశానుగత శాస్త్రపు మొదటి పాఠము సంపూర్ణముగ నున్నది. నెత్తురు గడ్డకట్టుటకు దేహమున ఒకదాని నొకటి మేల్కొలుపు మాంసకృత్తుల వరుస కలదు. అందు ఎనిమిదవ సంఖ్యతో పిలువబడు ఫ్యాక్టర్ లోపించినచో ఆ వరుస నడుమ తెగి, నెత్తురు లోలోపల కీళ్లలోనికి ఊరుచుండును. ఇదియే హీమోఫీలియా ఎ. సుమారు 5,000 మంది మగశిశువులలో ఒకనికి కలుగును. ఈ ఫ్యాక్టర్‌ను తయారుచేయు జన్యువు ఎక్స్ క్రోమోజోము కొసన ఉన్నది. ఎక్స్‌లు రెండు గల స్త్రీలో చెడినదాని లోటును మంచిది పూడ్చగా, ఒక్కటే గల పురుషునిలో పూడ్చు దిక్కు లేక రోగము బయటపడును. కావుననే తల్లి మోయును, కొడుకు అనుభవించును. మన సీమలో అక్క కూతురిని చేసికొను ఆచారము వలన ఇంకొక చిక్కు కూడ కలదు: రోగియైన మేనమామకును, చెడిన జన్యువును మోయుచున్న మేనకోడలికిని పెండ్లియైనచో, పుట్టిన ఆడపిల్లకు సైతము ఈ రోగము పూర్తిగా రావచ్చును. పుస్తకములు దీనిని మిక్కిలి అరుదని వ్రాయును. మేనరికపు ఊళ్లలో పనిచేయు వైద్యుడు ఆ అరుదును మఱువరాదు.

ఆ జన్యువును 1984 లో అమెరికాలోని రెండు బృందములు విడదీసి చదివినవి. చదువుట ఒక యెత్తు, మంచి ప్రతిని రోగి కణములోనికి చేర్చుట మఱియొక యెత్తు. జన్యుచికిత్స యనబడు శాస్త్రము చాల వఱకు రవాణా చరిత్రయే. అందు సరుకు కన్న బండి కథయే పెద్దది.

బండి పుట్టకముందు కాలినడక యుండెను. 1962 లో విస్కాన్సిన్ రాష్ట్రమునందలి మాడిసన్ నగరమున ఎలిజబెత్ షిబాల్స్కా, వాత్స్లావ్ షిబాల్స్కీ యను దంపతులు, ఒక ఎంజైము కొఱవడిన మానవ కణములపై మంచి కణముల డీఎన్ఏను చల్లిరి. కోటానుకోట్ల కణములలో ఏ కొన్నిటిలోననో ఆ డీఎన్ఏ నాటుకొనును. ఆ కొన్నిటిని ఏరుట యెట్లు? కణము తన డీఎన్ఏకు కావలసిన ముడిసరుకును రెండు దారుల తెచ్చుకొనును: మొదటినుండి స్వయముగా కట్టుకొనుట రాచబాట, విఱిగిన పాత ముక్కలను ఏరి వాడుకొనుట సందుదారి. రాచబాటకు ఒక మందుతో కంచె వేసిరి. సందుదారి తెఱచు ఎంజైము లేని కణములన్నియు చచ్చెను. క్రొత్త జన్యువు దక్కినవి మాత్రమే బ్రతికెను. బయటి జన్యువుతో మానవ కణపు వంశలోపము సవరింపబడిన మొదటి సంఘటన ఇదియే.

ఆ కంచె పేరు అమినాప్టెరిన్. 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనాధ్యక్షులుగా నుండిన లెడర్లీ ప్రయోగశాలలో పుట్టిన మందు అది. దానిని బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకిచ్చి 1948 లో ఫలితములు ప్రకటించెను, ఆ యేడే ఆగస్టులో సుబ్బారావు గారు గతించిరి. మనవారు ఆయన పేరు చెప్పినప్పుడు ఏటీపీని, ఫోలిక్ ఆమ్లమును తలచుకొందురు. జన్యుచికిత్స గడపలో ఆయన మందు కావలి నిలిచిన సంగతి అంతగా చెప్పుకొనరు. చెప్పుకొనదగినది.

అయినను డీఎన్ఏను చల్లి అదృష్టమును నమ్ముకొనుట వైద్యము కాజాలదు. కణములోనికి చొరబడుటయే వృత్తిగా గలవి వైరసులు. అదే మాడిసన్ నగరమున పనిచేయుచుండిన హోవర్డ్ టెమిన్, వేఱుగా డేవిడ్ బాల్టిమోర్, 1970 లో రెట్రోవైరసులు తమ ఆర్ఎన్ఏను డీఎన్ఏగా తిరుగ వ్రాయునని చూపిరి. ఆ డీఎన్ఏ మన క్రోమోజోములో కుట్టబడును. 1983 లో బాల్టిమోర్, రిచర్డ్ మల్లిగన్ ప్రభృతులు ఆ వైరసు జన్యువులను దించివేసి మన జన్యువు నెక్కించు ఉపాయము కనుగొనిరి. 1990 సెప్టెంబరు 14 న అమెరికాలో నాలుగేండ్ల బాలికకు మొదటి అధికారిక చికిత్స జరిగెను. తరువాతి పదేండ్లు ఆశయు, అటుపై శోకము: 1999 లో ఫిలడెల్ఫియాలో వేఱొక జాతి వైరసు వాడగా పదునెనిమిదేండ్ల యువకుడు మరణించెను, పారిస్‌లో రోగనిరోధక శక్తి లేక పుట్టిన శిశువులకు చేసిన చికిత్స ఫలించియు, బండి దిగరాని చోట దిగి క్యాన్సరు జన్యువును మేల్కొల్పుటచే కొందఱికి రక్తపు క్యాన్సరు వచ్చెను.

ఇక ఆశ్చర్యకరమైన బండి. 1996 లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో లుయీజీ నాల్దీనీ, దీదియే త్రోనో, మన పంజాబున పుట్టిన ఇందర్ వర్మ కలిసి, లోకమును గడగడలాడించుచున్న ఎయిడ్స్ వైరసునే బండిగా మార్చిరి. పాత రెట్రోవైరసు విభజన చెందుచున్న కణములోనే పనిచేయగలదు. ఇదియో, నిద్రించు కణపు కేంద్రకములోనికి సైతము సందు చేసికొని పోగలదు. ఆ గుణము నొక్కదానిని ఉంచుకొని, రోగము నెట్లు వదలించుకొనవలెను? ఎద్దులబండిని ఊడదీసి, ఇరుసు ఒక ఇంట, చక్రములు ఒక ఇంట, కాడి ఒక ఇంట దాచినట్లు, వైరసు భాగములను విడివిడి డీఎన్ఏ ముక్కలలో ఉంచిరి. రోగము ముదుర్చు జన్యువులను తరువాతి కూర్పులలో పూర్తిగా తీసివేసిరి. దాని పైతొడుగును విసర్జించి పశువుల నోట పొక్కులు తెచ్చు వేఱొక వైరసు తొడుగును తగిలించిరి. ప్రయోగశాలలోని కణములో ఈ ముక్కలన్నియు కలిసినప్పుడు బండి తయారగును. అది రోగి కణములో సరుకు దించిన పిమ్మట మఱియొక బండిని పుట్టింపజాలదు, ఏలయన దాని నిర్మాణసూత్రములు దానితో ప్రయాణము చేయలేదు. పారిస్ పాఠమునకు ముందే, ఇరుగుపొరుగు జన్యువులను రెచ్చగొట్టు కొసలను కూడ 1998 నాటికి కత్తిరించివేసిరి.

ఈ బండి మన వాకిటికి వచ్చిన చోటు రాయవేలూరు. సీమవాసులకు ఆ పేరే ఒక వైద్యపరిభాష. కడపలో రైలెక్కి కాట్పాడిలో దిగువారి చేతిసంచిలో ఎక్స్‌రే ఫిల్ములుండుట వింత కాదు. 1900 లో ఐడా స్కడర్ అను వైద్యురాలు ఒక్క మంచముతో ఆరంభించిన అచటి వైద్యశాలలోనే రక్తవ్యాధుల నిపుణులు ఆలోక్ శ్రీవాస్తవ దశాబ్దముల తరబడి హీమోఫీలియాతో పెనగిరి. ఖరీదైన ఫ్యాక్టర్‌ను ధారాళముగా పోయలేని దేశమున తక్కువ మోతాదుతో ఎంత మేలు చేయవచ్చునో వీరి బృందము లెక్కగట్టినది. ఎముకల వైద్యులు ప్రదీప్ పూన్నూస్‌తో కలిసి రూపొందించిన కొలబద్దలో రోగి నడచునా, మెట్లెక్కునా అను ప్రశ్నలతోపాటు, గొంతుకూర్చుండగలడా యను ప్రశ్న కూడ ఉన్నది. పాశ్చాత్యుడు కుర్చీ నుండి లేచుటతో తృప్తిపడును. మనకు నేలపై బ్రతుకు. నా సహపాఠి వంగిన కాలు కన్నులయెదుట మెదలుటచే కాబోలు, ఆ చిన్న ప్రశ్న నాకు పెద్ద పరిశోధనలతో సమానముగ తోచుచున్నది.

హీమోఫీలియాకు పాశ్చాత్యులు ఎంచుకొనినది ఏఏవీ అను చిన్న వైరసు. దానిని కాలేయమునకు పంపుదురు. అట్లు చేసిన మందు అమెరికాలో 2023 లో అనుమతి పొందినప్పుడు వెల 29 లక్షల డాలర్లు. అదిగాక ఆ వైరసును ముందే ఎఱిగి తరిమికొట్టు ప్రతిరక్షకములు అనేకుల నెత్తుట నుండును. శ్రీవాస్తవ బృందము అట్లాంటా నగరపు ఎమరీ విశ్వవిద్యాలయముతో కూడి వేఱు దారి పట్టెను. రోగి మూలకణములనే బయటికి తీసి, పైన చెప్పిన బండితో వానిలో జన్యువు నెక్కించి, మందుతో మజ్జను ఖాళీచేసి, సవరించిన కణములను అతనికే తిరిగి ఎక్కించుట వారి పద్ధతి. ఎక్కించిన జన్యువులో చాలభాగము మానవునిది, కొంత పందిది. ఏలయన పంది ఫ్యాక్టర్ కణమునుండి అధికముగా వెలువడు స్వభావము కలది.

ఐదుగురు రోగులు, 22 మొదలు 41 ఏండ్ల వయస్సువారు. మొదటి ఇద్దఱిలో ఫ్యాక్టర్, ఆరోగ్యవంతునికి నూఱు అనుకొనిన, 5.2, 1.7 వఱకే వచ్చెను. జన్యుప్రవేశమును పెంచు ద్రవ్యమును చేర్చిన పిమ్మట తక్కిన ముగ్గురిలో 37.1, 19.3, 39.9. కాని ముఖ్యమైన లెక్క ఇది: అందఱి కాలమును కలిపిన 81 మాసములలో సాంవత్సరిక రక్తస్రావముల సంఖ్య సున్న. 2024 డిసెంబరున న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ దీనిని ప్రకటించినది. ఐదుగురు చాల తక్కువ మంది. మజ్జను ఖాళీచేయుట సామాన్యమైన కష్టము కాదు. క్రోమోజోములో కుట్టిన జన్యువు దూరకాలమున ఏమి చేయునో ఏండ్ల తరబడి కనిపెట్టి యుండవలెను. జయభేరి ఇప్పుడే మ్రోగించువారితో నేను ఏకీభవింపను.

నా సహపాఠి పదునెనిమిదవ యేట పన్ను తీయించుకొని వచ్చిన రాత్రి నెత్తురు నిలువక చనిపోయెను. వానిని అప్పుడు బ్రతికించుటకు జన్యుచికిత్స అక్కఱలేదు. ఫ్యాక్టర్ సీసాలు చాలును. కావున చదువరులకు మనవి: దెబ్బ చిన్నది, వాపు పెద్దదియై పిల్లవాని మోకాలు పదేపదే ఉబ్బుచున్నచో మర్దన చేయకుడు, కట్టు బిగింపకుడు, ఆస్పిరిన్ ఇయ్యకుడు, కండలోనికి సూది వేయనీయకుడు, చల్లని గుడ్డ వేసి, కాలు కదలనీయక, పెద్దాసుపత్రికి తీసికొనిపోయి నెత్తురు గడ్డకట్టు పరీక్ష చేయింపుడు. అక్కడి వైద్యునితో, అడుగకున్నను, పిల్లవాని మేనమామల సంగతి చెప్పుడు.